వేగంగా గుణించే సర్క్యూట్‌ను రూపొందించడం ఎలా: ఒక 8×8 మల్టిప్లయర్, మొదటి గేటు నుంచి చివరి పరీక్ష దాకా

మన ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు నేర్చుకునే 8085 మైక్రోప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు. రెండు సంఖ్యలను గుణించాలంటే కూడికను పదే పదే చేసే ప్రోగ్రాం రాసుకోవలసిందే. 1978లో వచ్చిన 8086లో ఆ ఆదేశం చేరింది గాని, గుర్తులేని 16 బిట్ల సంఖ్యలు రెండింటిని గుణించడానికి అది 118 నుంచి 133 క్లాక్ సైకిళ్లు తీసుకునేది, ఎందుకంటే లోపల జరిగేది ఒక్కొక్క బిట్‌నూ చూస్తూ, జరుపుతూ, కూడుతూ పోయే పనే. 2017లో గూగుల్ వివరాలు వెల్లడించిన, న్యూరల్ నెట్‌వర్క్‌ల లెక్కల కోసం తయారైన మొదటి తరం టీపీయూ చిప్‌లో ఎనిమిది బిట్ల గుణకార సంకలన యూనిట్లు 65,536 ఉన్నాయి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ట్రాన్సిస్టర్ల వేగం ఒక్కటే పూడ్చలేదు. గుణకారాన్ని అమర్చే పద్ధతి కూడా మారింది.

ఆ పద్ధతిని ఒక పూర్తి ఉదాహరణతో వివరించడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ధన, ఋణ సంఖ్యలు రెండింటినీ స్వీకరించే 8×8 మల్టిప్లయర్‌ను మొదటి నుంచి కాగితం మీద కట్టుకుంటూ వెళ్దాం. గేట్లు, ఫుల్ యాడర్, టూస్ కాంప్లిమెంట్ తెలిసిన పాఠకుడికి ఇంతకు మించిన నేపథ్యం అక్కర్లేదు.

ముందుగా: ఆలస్యం ఎక్కడ పుడుతుంది

బడిలో నేర్చుకున్న గుణకారమే బైనరీలోనూ జరుగుతుంది. గుణకంలోని ప్రతి బిట్‌తో గుణ్యాన్ని గుణిస్తే ఒక వరుస వస్తుంది. ఒక్కొక్క వరుసను ఒక్కొక్క స్థానం ఎడమకు జరిపి అన్నింటినీ కూడితే లబ్ధం వస్తుంది. ఈ వరుసలనే పాక్షిక లబ్ధాలు అంటారు. ఒక బిట్‌ను ఇంకో బిట్‌తో గుణించడమంటే ఒక అండ్ గేటు మాత్రమే కాబట్టి, 64 అండ్ గేట్లు పక్కపక్కన పెడితే వరుసలన్నీ ఒకేసారి సిద్ధమవుతాయి. కాలం తినేది గుణకారం కాదు, ఆ తరువాతి కూడిక.

ఎనిమిది వరుసలను ఒకదాని తరువాత ఒకటిగా కూడే సాధారణ అర్రే మల్టిప్లయర్‌కు 48 ఫుల్ యాడర్లు, 8 హాఫ్ యాడర్లు సరిపోతాయి. దాని అమరిక చక్కగా, గళ్ళుగళ్ళుగా ఉంటుంది, తీగలు పొట్టిగా ఉంటాయి, లేఅవుట్ సులభం. కానీ చివరి బిట్ స్థిరపడాలంటే సంకేతం పై నుంచి కిందికి వరుసలన్నీ దాటి, ఆపైన కుడి నుంచి ఎడమకు క్యారీగా పాకాలి. బిట్ల సంఖ్య రెట్టింపయితే ఆలస్యం కూడా దాదాపు రెట్టింపవుతుంది.

దీనికి విరుగుడు ఫుల్ యాడర్‌ను వేరే కన్నుతో చూడటంలో ఉంది. అది ఒకే స్థానంలోని మూడు బిట్లను తీసుకుని, అదే స్థానంలో ఒక బిట్‌నూ, తరువాతి స్థానంలో ఒక బిట్‌నూ ఇస్తుంది. అంటే మూడు బిట్లను రెండుగా కుదించే పరికరం. ఇలా చూస్తే మూడు వరుసలను రెండు వరుసలుగా మార్చడానికి ఒక్క ఫుల్ యాడర్ కాలం చాలు, వరుస ఎంత పొడవున్నా సరే, ఎందుకంటే ఏ యాడరూ పక్క యాడర్ క్యారీ కోసం ఎదురుచూడదు. వేగవంతమైన మల్టిప్లయర్లన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడతాయి: క్యారీని వరుస పొడవునా ఒక్కసారే, అదీ అన్నిటికన్నా చివర, పరుగెత్తనివ్వాలి.

కాబట్టి రూపకల్పనలో పాక్షిక లబ్ధాలను తయారుచేయడం, వాటిని రెండు వరుసలకు కుదించడం, ఆ రెండు వరుసలను కూడటం అనే మూడు భాగాలుంటాయి.

ఒకటో అడుగు: కావలసినదేమిటో తేల్చుకోవడం

గేట్ల జోలికి వెళ్ళకముందే కొన్ని నిర్ణయాలు రాసి పెట్టుకోవాలి. సంఖ్యలకు గుర్తు ఉంటుందా లేదా, లబ్ధం మొత్తం 16 బిట్లూ కావాలా, ఫలితం ఎన్ని సైకిళ్లలో రావాలి, ఇది చిప్‌గా తయారవుతుందా లేక తయారైన తరువాత కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల ఎఫ్‌పీజీఏ మీద కూర్చుంటుందా అన్నవి అందులో ముఖ్యమైనవి.

చివరి ప్రశ్న చాలామంది అనుకునే దానికంటే పెద్దది. జైలింక్స్ 7 శ్రేణి ఎఫ్‌పీజీఏలలో 25×18 బిట్ల మల్టిప్లయర్ సిలికాన్‌లోనే గట్టిగా కట్టి ఉంటుంది. మామూలు గుణకార గుర్తుతో రాసిన కోడ్‌ను సింథసిస్ టూల్ (కోడ్‌ను గేట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్) నేరుగా ఆ బ్లాక్‌లోకి పంపుతుంది. అలాంటి చోట చేత్తో కట్టిన ట్రీ (వరుసలను దశలవారీగా కుదించే యాడర్ల అమరిక), ఎఫ్‌పీజీఏలోని చిన్న లాజిక్ గడులైన లుకప్ టేబుళ్లలో పరుచుకుని, ఆ బ్లాక్ కంటే నెమ్మదిగా నడవడమే సాధారణం. ఎఫ్‌పీజీఏలో క్యారీ కోసం ప్రత్యేకమైన వేగవంతమైన దారి ఉంటుంది గనుక గేట్ల లెక్కతో గెలిచిన పద్ధతి అక్కడ ఓడిపోవచ్చు. ఈ మార్గదర్శిలోని లెక్కలు ప్రధానంగా, ముందే సిద్ధంగా ఉన్న గేట్లను పేర్చి తయారుచేసే స్టాండర్డ్ సెల్ చిప్‌లకు వర్తిస్తాయి.

మన ఉదాహరణకు నిర్ణయాలు ఇవి: రెండు వైపులా గుర్తున్న ఎనిమిది బిట్లు, పూర్తి 16 బిట్ల లబ్ధం. గుణ్యం బిట్లను క7 నుంచి క0 వరకు, గుణకం బిట్లను గ7 నుంచి గ0 వరకు పిలుద్దాం. సరిచూసుకోవడానికి క = 77, గ = −42 తీసుకుందాం; జవాబు −3234 రావాలి.

రెండో అడుగు: బూత్ పద్ధతితో వరుసలను సగానికి తగ్గించడం

లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలకు చెందిన ఆండ్రూ బూత్ 1951లో ప్రచురించిన పద్ధతి గుణకంలో వరుసగా వచ్చే ఒకట్లను ఒక కూడిక, ఒక తీసివేతగా మారుస్తుంది. ఆ మూల రూపంలో వరుసల సంఖ్య గుణకం విలువను బట్టి మారుతుంటుంది, అది సర్క్యూట్‌కు పనికిరాదు. 1961లో ఐబీఎంకు చెందిన మాక్‌సోర్లీ వివరించిన సవరణలో గుణకాన్ని రెండేసి బిట్ల చొప్పున, పక్కనున్న కుడి బిట్‌ను కూడా కలుపుకుని, మూడేసి బిట్లుగా చదువుతారు. అప్పుడు వరుసల సంఖ్య ఎప్పుడూ సగమే. నేడు బూత్ మల్టిప్లయర్ అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేది ఈ రూపాన్నే.

ప్రతి గుంపులోని ఎడమ బిట్ విలువ −2, నడిమి బిట్ విలువ +1, కుడి బిట్ విలువ +1. మొత్తం ఎనిమిది సందర్భాలు:

000 → 0
001 → +1
010 → +1
011 → +2
100 → −2
101 → −1
110 → −1
111 → 0

గుణ్యానికి రెండు రెట్లు అంటే ఒక స్థానం జరపడమే కనుక ఈ అయిదు విలువల్లో ఏదీ కష్టమైనది కాదు. మూడేసి బిట్ల చొప్పున జరిగే తరువాతి స్థాయి పద్ధతిలో గుణ్యానికి మూడు రెట్లు అవసరమవుతుంది; దాన్ని తయారుచేయడానికే ఒక పూర్తి యాడర్ కావాలి. అందుకే చాలా రూపకల్పనలు ఇక్కడే ఆగుతాయి.

−42 ను ఎనిమిది బిట్లలో రాస్తే 11010110. కుడి చివర ఒక సున్నా ఊహించుకుని గుంపులు చేస్తే, కుడి నుంచి ఎడమకు 100, 011, 010, 110 వస్తాయి. వాటి విలువలు వరుసగా −2, +2, +1, −1. సరిచూద్దాం: −2 + 2×4 + 1×16 − 1×64 = −42.

సర్క్యూట్‌లో ప్రతి గుంపుకూ ఒక ఎన్‌కోడర్ ఉంటుంది. అది మూడు సంకేతాలు ఇస్తుంది. ‘ఒకటి’ సంకేతం నడిమి, కుడి బిట్ల ఎక్సార్. ‘రెండు’ సంకేతం గుంపు 011 లేదా 100 అయినప్పుడు మాత్రమే 1. ‘ఋణ’ సంకేతంగా ఎడమ బిట్‌నే వాడుకోవచ్చు. వరుసలోని ప్రతి స్థానంలో ఒక సెలెక్టర్ ఉండి, ‘ఒకటి’ ఉంటే గుణ్యంలోని అదే స్థానపు బిట్‌ను, ‘రెండు’ ఉంటే దాని కుడి పక్క బిట్‌ను ఎంచుకుని, ఫలితాన్ని ‘ఋణ’తో ఎక్సార్ చేస్తుంది. రెండు రెట్లకు చోటు కావాలి గనుక వరుస పొడవు తొమ్మిది బిట్లు. తొమ్మిదో సెలెక్టర్‌కు క8 స్థానంలో క7 నే మళ్ళీ ఇవ్వాలి.

ఋణ సంఖ్య కావాలంటే బిట్లను తిరగేసి 1 కూడాలి. తిరగేయడం ఎక్సార్ చేసింది. ఆ 1 ని ఇక్కడే కూడితే క్యారీ పరుగు మొదలవుతుంది. అందువల్ల ‘ఋణ’ సంకేతాన్నే ఆ వరుస కుడి చివరి స్థానంలో ఒక అదనపు బిట్‌గా వదిలేస్తాం. ట్రీ దాన్ని మిగతా బిట్లతో పాటు కూడుతుంది. దీనివల్ల ఇంకో చిక్కు కూడా తీరుతుంది. గుణ్యం −128 అయి, కావలసింది −2 రెట్లు అయితే +256 రావాలి, అది తొమ్మిది బిట్ల గుర్తున్న సంఖ్యలో పట్టదు. కానీ మనం వరుసలో ఉంచేది 255 మాత్రమే, మిగిలిన 1 బయటి బిట్‌గా వెళుతుంది కాబట్టి ఎక్కడా పొంగదు.

గుంపు 111 అయినప్పుడు విలువ సున్నా అయినా ఎడమ బిట్ 1 కనుక వరుస మొత్తం ఒకట్లు అవుతుంది, అదనపు బిట్ కూడా 1 అవుతుంది. రెండూ కలిసి సున్నా. ఇది సరైనదే, అయితే తిరగేయడానికీ, అదనపు బిట్‌కూ ఒకే సంకేతాన్ని వాడాలన్నది నియమం. ఒకదానికి 111ను మినహాయించి ఇంకోదానికి మినహాయించకపోతే జవాబు తప్పుతుంది.

మన సంఖ్యలతో నాలుగు వరుసలూ ఇలా వస్తాయి:

వరుస 0, −2 రెట్లు: 101100101, ఋణ బిట్ 1
వరుస 1, +2 రెట్లు: 010011010, ఋణ బిట్ 0
వరుస 2, +1 రెట్లు: 001001101, ఋణ బిట్ 0
వరుస 3, −1 రెట్లు: 110110010, ఋణ బిట్ 1

మూడో అడుగు: గుర్తు బిట్లను పొడిగించకుండా సర్దడం

పాఠ్యపుస్తక పద్ధతిలో ప్రతి వరుస గుర్తు బిట్‌ను 15వ స్థానం దాకా నకలు చేయాలి. అలా చేస్తే ఎడమ నిలువు గడులన్నీ ఒకే బిట్ నకళ్ళతో నిండిపోతాయి, సెలెక్టర్ల మీద భారం పెరుగుతుంది, కుదించవలసిన బిట్లు పెరుగుతాయి. దీన్ని తప్పించే ఉపాయం చిన్నదే గాని చాలా విలువైనది.

గుర్తు బిట్‌ను స అందాం. వరుస తొమ్మిదో బిట్ విలువ ఋణాత్మకం కాబట్టి అది చేర్చేది −స. దాన్ని (1 − స) − 1 అని రాయవచ్చు. 1 − స అంటే తిరగేసిన స, అది ధనాత్మక బిట్. మిగిలిన −1 స్థిర సంఖ్య. నాలుగు వరుసల స్థిర సంఖ్యలనూ వాటి స్థానాలలో, అంటే 8, 10, 12, 14 స్థానాలలో, కలిపితే −(256 + 1024 + 4096 + 16384) = −21760 వస్తుంది. 16 బిట్లలో ఇది 43776, అంటే 8, 9, 11, 13, 15 స్థానాలలో ఒక్కొక్క 1. గుణించే సంఖ్యలు ఏవైనా ఈ 1 లు మారవు.

0వ వరుసలోని తిరగేసిన గుర్తునూ, 8, 9 స్థానాలలోని స్థిరమైన 1 లనూ ముందే కలిపేసుకుంటే ఇంకాస్త పొదుపు: 8లో స, 9లో స, 10లో తిరగేసిన స ఉంచితే సరిపోతుంది. స సున్నా అయినా ఒకటి అయినా రెండు వైపులా మొత్తం సమానమేనని వేసి చూసుకోవచ్చు.

కొత్తవాళ్ళు తరచుగా తడబడేది ఇక్కడే. గుర్తు బిట్‌ను ‘క7 ఎక్సార్ ఋణ’ అని సూత్రం రాసేస్తారు. గుణ్యం ఋణాత్మకమై, గుంపు 000 అయినప్పుడు ఈ సూత్రం 1 ఇస్తుంది, వరుస మాత్రం సున్నా. అప్పుడు −5 ని 1 తో గుణించడం వంటి సులభమైన లెక్క కూడా తప్పుతుంది. తొమ్మిదో సెలెక్టర్ నుంచి వచ్చిన బిట్‌నే గుర్తుగా తీసుకుంటే ఈ ప్రమాదం లేదు.

ఇప్పుడు మొత్తం సరిచూద్దాం. వరుసల కింది ఎనిమిది బిట్లు 101, 154×4, 77×16, 178×64. తిరగేసిన గుర్తులు 1వ, 2వ వరుసలవి మాత్రమే 1 కనుక 1024, 4096. ఋణ బిట్లు 1, 64. స్థిర సంఖ్య 43776. అన్నీ కలిపితే 62302. 65536 నుంచి ఇది 3234 తక్కువ, అంటే −3234. ట్రీ కట్టకముందే కాగితం మీద ఈ లెక్క వేసుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇక్కడ దొర్లిన తప్పును ట్రీ కట్టిన తరువాత వెతకడం నరకం.

నాలుగో అడుగు: బిట్ల కుప్పను కుదించడం

ఇక వరుసల సంగతి మరచిపోయి, ప్రతి స్థానంలో ఎన్ని బిట్లు పేరుకున్నాయో మాత్రమే చూడాలి. 0 నుంచి 15 వరకు స్థానాలలో ఎత్తులు వరుసగా 2, 1, 3, 2, 4, 3, 5, 4, 4, 4, 4, 3, 2, 2, 1, 1. మొత్తం 45 బిట్లు. బూత్ లేకుండా 64 ఉండేవి.

కుదింపుకు రెండు ప్రసిద్ధ దారులున్నాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త క్రిస్ వాలెస్ 1964లో చూపిన దారిలో ప్రతి దశలోనూ వీలైనంత కుదించేస్తాం. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్‌కు చెందిన లుయిజీ దద్దా 1965లో చూపిన దారిలో ప్రతి దశలోనూ అవసరమైనంత మాత్రమే కుదిస్తాం. దద్దా దారికి ఆధారం ఒక శ్రేణి: 2, 3, 4, 6, 9, 13, 19, 28, 42, 63. ప్రతి సంఖ్యా ముందుదానికి ఒకటిన్నర రెట్లు, భిన్నం వస్తే వదిలేయాలి. ఏ నిలువు గడీ ఈ శ్రేణిలోని తరువాతి కింది సంఖ్యను మించకుండా చూసుకుంటే చాలు. దశల సంఖ్య అతి తక్కువగానే ఉంటుంది, యాడర్లు వాలెస్ కంటే తగ్గుతాయి.

మన కుప్ప ఎత్తు 5 కాబట్టి 4, 3, 2 అనే మూడు దశలు కావాలి.

మొదటి దశ, లక్ష్యం 4. ఆరో స్థానంలో 5 ఉన్నాయి, ఒక హాఫ్ యాడర్ పెడితే 4 అవుతాయి. దాని క్యారీ ఏడో స్థానానికి చేరి అక్కడ 5 చేస్తుంది, కాబట్టి అక్కడా ఒకటి. ఇలా 6 నుంచి 10 వరకు అయిదు హాఫ్ యాడర్లు. 11లో మూడే ఉన్నందున అక్కడ ఆగుతుంది.

రెండో దశ, లక్ష్యం 3. స్థానాలు 4, 5లలో హాఫ్ యాడర్లు, 6 నుంచి 11 వరకు ఫుల్ యాడర్లు.

మూడో దశ, లక్ష్యం 2. స్థానాలు 2, 3, 13లలో హాఫ్ యాడర్లు, 4 నుంచి 12 వరకు ఫుల్ యాడర్లు.

మొత్తం 15 ఫుల్ యాడర్లు, 10 హాఫ్ యాడర్లు. ఒక దశలో పుట్టిన క్యారీని అదే దశలోని యాడర్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వకూడదన్నది ఇక్కడి ప్రాణసూత్రం. లెక్కలో దాన్ని కలుపుకోవాలి గాని తీగను తరువాతి దశకే కలపాలి. ఈ నియమం ఒక్కచోట తప్పినా జవాబు సరిగ్గానే వస్తుంది, సిమ్యులేషన్ ఏమీ అనదు, వేగం మాత్రం జారిపోతుంది. అందుకే ఈ తప్పు చాలాకాలం దాగి ఉండగలదు.

స్థిరమైన 1 లు ఉన్న చోట్ల యాడర్లు కరిగిపోతాయి. 13వ స్థానంలోని హాఫ్ యాడర్‌కు ఒక ఇన్‌పుట్ ఎప్పుడూ 1 కనుక, మిగిలేది ఒక ఇన్వర్టర్, ఒక తీగ. ఈ పని సింథసిస్ టూల్ తనంతట తానే చేస్తుంది, చేత్తో చేయనక్కర్లేదు.

ఇక్కడ ఆగి, బూత్ వల్ల నిజంగా ఎంత లాభమో తూచి చూడాలి. బూత్ లేని 8×8 దద్దా ట్రీకి 35 ఫుల్ యాడర్లు, 7 హాఫ్ యాడర్లు, నాలుగు దశలు కావాలి, బూత్‌తో మూడు. 16 బిట్లకు ఆరు దశల బదులు నాలుగు, 32 బిట్లకు ఎనిమిది బదులు ఆరు, 64 బిట్లకు పది బదులు ఎనిమిది. వరుసలు సగమైనా ఆదా అయ్యేది రెండు దశలే, ఎందుకంటే ట్రీ లోతు ఎత్తు సంవర్గమానాన్ని బట్టి పెరుగుతుంది. ఆ రెండు దశలకు బదులుగా ఒక అండ్ గేటు స్థానంలో ఎన్‌కోడర్, సెలెక్టర్ వచ్చాయి. పైగా ఎన్‌కోడర్ సంకేతం వరుసలోని సెలెక్టర్లన్నిటినీ నడపాలి, 64 బిట్లకు అవి 65. ఆ భారానికి బఫర్లు కావాలి, వాటి ఆలస్యం కాగితం లెక్కల్లో కనిపించదు. కాబట్టి బూత్ ఇచ్చే వేగం సన్ననిది, అది ప్రధానంగా ఇచ్చేది వైశాల్యం, తీగల పొదుపు. ఎనిమిది బిట్ల దగ్గర రెండు రకాలనూ సింథసిస్ చేసి పోల్చకుండా బూత్‌నే ఎంచుకోవడం అలవాటు తప్ప ఇంజనీరింగ్ కాదు.

దీని పక్కనే ఇంకో మాట. మన దగ్గర చివరి సంవత్సరం ప్రాజెక్టుల్లో ఊర్ధ్వ తిర్యగ్భ్యాం (నిలువుగా, అడ్డంగా) సూత్రం ఆధారంగా ‘వేదిక్ మల్టిప్లయర్’ తరచుగా కనిపిస్తుంది. 8×8ను నాలుగు 4×4 గాను, ఒక్కొక్కదాన్ని నాలుగు 2×2 గాను విడగొట్టే ఆ అమరికలోనూ అండ్ గేట్లు అవే 64. కానీ ప్రతి అంచెలోనూ క్యారీ పూర్తిగా పాకే యాడర్లతో కూడుతారు గనుక, క్యారీని చివరిదాకా వాయిదా వేయాలన్న సూత్రం మధ్యలోనే భంగమవుతుంది. అర్రే మల్టిప్లయర్‌తో పోలిస్తే వేగంగా కనిపించవచ్చు. పోల్చవలసింది దద్దా ట్రీతో. ఆ నిలువు, అడ్డ లబ్ధాలను దద్దా ట్రీలోనే కూడితే, చివరికి చేతిలో మిగిలేది దద్దా మల్టిప్లయరే.

ఫుల్ యాడర్‌లో అన్ని దారులూ సమానం కావన్నది కూడా వాడుకోదగిన విషయం. మొత్తం (సమ్) బిట్ రావడానికి సాధారణంగా రెండు ఎక్సార్ గేట్లు దాటాలి, కానీ క్యారీ ఇన్‌పుట్‌గా పిలిచేది ఒక్క ఎక్సార్ మాత్రమే దాటుతుంది. ఆలస్యంగా వచ్చే బిట్‌ను ఆ ఇన్‌పుట్‌కు కలిపితే దశకు ఒక ఎక్సార్ మిగలవచ్చు. పెద్ద మల్టిప్లయర్లలో నాలుగు బిట్లను రెండుగా కుదించే కంప్రెసర్‌ను వాడటానికి కారణం కూడా ఇలాంటిదే: రెండు ఫుల్ యాడర్లను పేర్చితే నాలుగు ఎక్సార్ల ఆలస్యం, చక్కగా కలిపి కట్టిన కంప్రెసర్‌లో మూడే.

అయిదో అడుగు: చివరి కూడిక

ట్రీ నుంచి వచ్చేవి రెండు వరుసలు, మొత్తం 30 బిట్లు. వాటిని కూడే యాడర్‌లోనే క్యారీ మొదటిసారి, చివరిసారి పరుగెత్తుతుంది. మూడు భాగాల్లో ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేది దీన్నే: ట్రీని ఎంతో శ్రమపడి కట్టి, చివర క్యారీ ఒక్కొక్క స్థానమే పాకే 16 బిట్ల రిపుల్ యాడర్ పెడితే, ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

వేగవంతమైన యాడర్లలో ప్రిఫిక్స్ రకానివి ప్రధానమైనవి. ప్రతి స్థానానికీ రెండు సంకేతాలు లెక్కిస్తాం: ఆ స్థానం తనంతట తానే క్యారీని పుట్టిస్తుందా అన్నది జనరేట్, వచ్చిన క్యారీని ముందుకు పంపుతుందా అన్నది ప్రాపగేట్. పక్కపక్కన ఉన్న రెండు గుంపులను కలిపితే, ఎడమ గుంపు పుట్టించినా, లేదా కుడి గుంపు పుట్టించిన దాన్ని ఎడమ గుంపు పంపినా, ఉమ్మడి జనరేట్ 1. రెండూ పంపితేనే ఉమ్మడి ప్రాపగేట్ 1. ఈ కలపడాన్ని ఏ క్రమంలో విడగొట్టి చేసినా ఫలితం ఒకటే కాబట్టి, దాన్ని కొమ్మలుగా పేర్చవచ్చు.

1960లో వచ్చిన స్క్లాన్‌స్కీ అమరికకు 16 బిట్లకు నాలుగు అంచెలు, 32 సెల్‌లు చాలు, అయితే కొన్ని సెల్‌లు ఎనిమిదింటిని నడపవలసి వస్తుంది. 1973లో వచ్చిన కోగ్-స్టోన్ అమరికలోనూ నాలుగే అంచెలు, భారం తక్కువ, కానీ 49 సెల్‌లు, దట్టమైన తీగలు. 1982లో వచ్చిన బ్రెంట్-కుంగ్ 26 సెల్‌లతో పొదుపుగా ఉంటుంది, అంచెలు మాత్రం ఏడు.

అయితే మన యాడర్‌కు అన్ని బిట్లూ ఒకేసారి రావు. 0, 1 స్థానాల బిట్లు ట్రీలో ఏ యాడర్‌నూ దాటవు. 2, 3 స్థానాలవి ఒకే ఒక్క హాఫ్ యాడర్ దాటుతాయి. 6 నుంచి 11 వరకు ఉన్నవి మూడు దశలూ దాటి చివరగా వస్తాయి. మధ్య బిట్లు వచ్చేలోపు కుడివైపు నాలుగు స్థానాల క్యారీ రిపుల్‌గా పాకినా తీరిక ఉంటుంది. కాబట్టి కుడి చివర రిపుల్ యాడర్, నాలుగో స్థానం నుంచి ప్రిఫిక్స్ యాడర్ పెడితే, 16 బిట్ల కోగ్-స్టోన్ పెట్టినంత వేగం చాలా తక్కువ గేట్లతో వస్తుంది. బిట్లు వచ్చే సమయాలను ఊహతో కాక, ట్రీ వరకే సింథసిస్ చేసి టైమింగ్ రిపోర్టు నుంచి తీసుకోవాలి.

ఆరో అడుగు: పైప్‌లైన్, కూడికను కలుపుకోవడం

ఒక సైకిల్‌లో పని పూర్తికాకపోతే మధ్యలో రిజిస్టర్లు పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నది ఆలస్యంతో పాటు ఎన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు పడతాయన్న దాన్ని బట్టి కూడా తేల్చాలి. మన సర్క్యూట్‌లో బూత్ తరువాత కోస్తే స్థిరమైన 1 లు పోను 42 బిట్లు దాచాలి. ట్రీ తరువాత కోస్తే 29, ఎందుకంటే 15వ స్థానంలోని 1 ని దాచనక్కర్లేదు. మొదట పరిశీలించవలసింది ట్రీ తరువాతి కోతనే. రిజిస్టర్లు పెంచితే క్లాక్ వేగం పెరుగుతుంది గాని ఒక్కొక్క జవాబు రావడానికి పట్టే సైకిళ్లు కూడా పెరుగుతాయి. జవాబు మళ్ళీ వెనక్కు వచ్చి ఇన్‌పుట్‌గా చేరే సర్క్యూట్లలో దీనివల్ల లాభమే ఉండకపోవచ్చు.

ఫిల్టర్లలో, న్యూరల్ నెట్‌వర్క్‌లలో లబ్ధాన్ని ఒక మొత్తానికి కలుపుతూ పోతారు. దానికి మల్టిప్లయర్ తరువాత వేరే యాడర్ పెట్టడం వృథా. కలపవలసిన సంఖ్యను బిట్ల కుప్పలోనే ఒక అదనపు వరుసగా వేస్తే ఎత్తు 5 నుంచి 6 అవుతుంది. దద్దా శ్రేణిలో 6 నుంచి 4కు ఒక్క దశే కాబట్టి దశలు మూడు గానే ఉంటాయి: ఆరో స్థానంలోని ఆ ఒంటరి ఋణ బిట్ వల్ల మనం కట్టిన అదనపు దశ ఇప్పుడు పూర్తిగా పనికివస్తుంది. కొన్ని యాడర్లు పెరుగుతాయి, మొదటి దశలో హాఫ్ యాడర్ల బదులు ఫుల్ యాడర్లు వస్తాయి, మరో క్యారీ పరుగు మాత్రం పూర్తిగా తప్పుతుంది. మొత్తం పొంగకుండా ఎడమవైపు అదనపు బిట్లు ఇవ్వాలి. 256 లబ్ధాలు కలిపేట్లయితే ఎనిమిది బిట్లు. అప్పుడు మూడో అడుగులోని స్థిర సంఖ్యను కొత్త వెడల్పుకు తిరిగి లెక్కించాలి.

ఏడో అడుగు: సరిచూడటం

8×8కు అన్ని జతలూ కలిపి 65,536 మాత్రమే. సిమ్యులేటర్‌కు అది క్షణాల పని కాబట్టి యాదృచ్ఛిక పరీక్షలతో సరిపెట్టుకోవడానికి ఇక్కడ ఏ సాకూ లేదు. ప్రతి జతనూ గుణకార గుర్తుతో వచ్చిన జవాబుతో పోల్చాలి. పోల్చే కోడ్ రాసేటప్పుడు, సర్క్యూట్లను వర్ణించే భాష అయిన వెరిలాగ్‌లో ఒక ఉచ్చు ఉంది: గుర్తున్న సంఖ్యను గుర్తులేని దానితో గుణిస్తే లెక్క మొత్తం గుర్తులేనిదిగా మారుతుంది, ఒక వెక్టర్ నుంచి కొన్ని బిట్లను కోసి తీసుకుంటే ఆ ముక్క ఎప్పుడూ గుర్తులేనిదే. సర్క్యూట్ సరిగ్గా ఉండి, పోల్చే జవాబే తప్పయిన సందర్భాలకు చాలావరకు కారణం ఇదే.

16×16కు వచ్చేసరికి జతలు సుమారు 429 కోట్లు అవుతాయి, 32 బిట్లకు అన్నీ పరీక్షించడం అసాధ్యం. అక్కడ ఏరి పెట్టుకోవలసినవి ఉన్నాయి. రెండు వైపులా కనిష్ఠ ఋణ సంఖ్య ఉన్న జత మొదటిది, 8 బిట్లలో అది −128 × −128 = 16384. ఋణ గుణ్యంతో పాటు, సున్నా గుంపులు ఎక్కువగా ఉన్న గుణకాలు గుర్తు బిట్ తప్పును పట్టిస్తాయి. ప్రతి గుంపూ ఎనిమిది సందర్భాలనూ, గుణ్యం రెండు గుర్తులతోనూ, కనీసం ఒక్కసారైనా చూసిందా అన్న కవరేజీని విడిగా నమోదు చేయాలి. చివరగా, యాదృచ్ఛిక సంఖ్యలు సగటున సగం ఒకట్లు, సగం సున్నాలుగా ఉంటాయి కాబట్టి పొడవైన క్యారీ పరుగును అవి అరుదుగా రప్పిస్తాయి. ట్రీ నుంచి వచ్చే రెండు వరుసల్లో ప్రాపగేట్ 1 లు వరుసగా ఎక్కువ దూరం సాగే జతలను వెతికి, గేట్ స్థాయి సిమ్యులేషన్‌లో వాటినే పదే పదే నడిపి, టైమింగ్ రిపోర్టు చూపిన క్రిటికల్ పాత్‌తో (అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమయ్యే దారితో) పోల్చి చూడాలి.